దాచినవాళ్ళ పుణ్యం

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో పుట్టిన బీటిల్స్ బృందం 1970లో విడిపోయింది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. ఈ నలుగురూ కలిసి ఎనిమిదేళ్ళలో విడుదల చేసిన పాటలు 200 పైచిలుకు. ఇప్పుడవన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి. ఒక రోజు కూర్చుంటే మొత్తం వినేయవచ్చు. అయినా ఆ బృందాన్ని ప్రేమించేవాళ్ళకు తనివి తీరదు. పాడి పక్కన పడేసిన పాటలు, రేడియోలో ఒక్కసారి వినిపించి గాలిలో కలిసిపోయినవి, ప్రేక్షకుల్లో ఎవరో సొంత టేపు రికార్డరులో పట్టుకున్నవి, వీటికోసం వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది. అడపాదడపా ఏదో ఒకటి బయటపడుతూనే ఉంది.

ఆ పాటలతో పాటు, అవి దొరికిన కథలను కూడా నేను ఇష్టంగా పోగుచేసుకుంటూ వచ్చాను. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి పదే పదే ఎదురవుతుంది. భద్రం చేయవలసిన పెద్ద సంస్థలు చెరిపేసుకున్నాయి. ఎవరూ అడగకపోయినా దాచిపెట్టినవాళ్ళు మామూలు మనుషులు. ఈ పూట ఆ దాచినవాళ్ళ గురించే నాలుగు మాటలు చెబుతాను.

ముందు రేడియో సంగతి. రేడియోలో కూర్చుని మాట్లాడుతూ దాన్ని దాటవేయడం న్యాయం కాదు.

1962 మార్చి నుంచి 1965 జూన్ దాకా బీటిల్స్ బీబీసీ రేడియోకు 52 కార్యక్రమాల్లో పాడారు. పాటలు 88. మళ్ళీ మళ్ళీ పాడినవి కలుపుకుంటే 275 సార్లు. 1963లో వాళ్ళ పేరు మీదే ‘పాప్ గో ద బీటిల్స్’ అని 15 భాగాల కార్యక్రమం నడిచింది. అంతగా ఎందుకు పాడించారంటే దానికి ఒక కారణం ఉంది. గ్రామఫోన్ కంపెనీలతో, సంగీతకారుల సంఘంతో బీబీసీకి అప్పట్లో ఒక ఒప్పందం ఉండేది. అమ్మకంలో ఉన్న రికార్డులను రోజుకు ఇంత సేపటికి మించి వేయకూడదు. మిగతా సమయాన్ని కళాకారులను పిలిపించి, పాడించి నింపుకోవాలి. ఆ నిబంధన వల్ల బీటిల్స్ వారం వారం కొత్త పాటలు వెతుక్కోవలసి వచ్చింది. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే రికార్డులు విని నేర్చుకున్నవి, జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో తెల్లవార్లూ పాడి అరగదీసినవి, అన్నీ మైకు ముందుకు వచ్చాయి. అందులో 36 పాటలు ఆ రోజుల్లో వాళ్ళు ఏ రికార్డు మీదా ఇవ్వనివి. అంటే ఆ పాటలను బీటిల్స్ గొంతులో వినాలంటే రేడియో ఒక్కటే దిక్కు.

ఆ టేపులను బీబీసీ ఉంచుకోలేదు. టేపు ఖరీదైన సరుకు. ప్రసారం కాగానే చెరిపి, ఇంకో కార్యక్రమానికి వాడుకునేవారు. పాట ఆ పూటకు, ఆ శ్రోతలకు. రేపటికి ఇంకో పాట. కుర్రకారు సంగీతానికి యాభై ఏళ్ళ తరవాత కూడా చెవులు ఉంటాయని అప్పుడెవరు ఊహించారు?

మిగిలినది రెండు దారుల్లో మిగిలింది. విదేశాల్లోని స్టేషన్లకు పంపడం కోసం బీబీసీలో ఒక విభాగం కొన్ని కార్యక్రమాలను డిస్కుల మీద అచ్చువేసేది. అవి కొన్ని బతికాయి. రెండో దారి శ్రోతల ఇళ్ళు. రేడియో పక్కన టేపు రికార్డరు పెట్టుకుని, పాట మొదలవగానే బటన్ నొక్కిన పిల్లలు కొందరున్నారు. 1994లో ‘లైవ్ ఎట్ ద బీబీసీ’ అనే ఆల్బం వచ్చినప్పుడు అందులో ‘కీప్ యువర్ హ్యాండ్స్ ఆఫ్ మై బేబీ’ అనే పాట వినిపించింది. 1963 జనవరిలో ‘సాటర్డే క్లబ్’ కార్యక్రమంలో ప్రసారమైన పాట అది. అసలు టేపు లేదు, డిస్కూ లేదు. ఎవరో ఇంట్లో రేడియో నుంచి పట్టుకున్నదే ఆధారం. గొంతులు లోతుగా, మసకగా, గరగరల వెనకనుంచి వస్తాయి. ఆ ఆల్బంలో ధ్వని నాసిగా ఉన్న పాటల్లో అదొకటి. నాకు మాత్రం తక్కినవన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. ఆ రోజు ఆ ఇంట్లో ఆ బటన్ నొక్కి ఉండకపోతే, లెనన్ ఆ పాట పాడాడని కాగితాల మీద చదువుకోవడమే మనకు మిగిలేది.

ఇలాంటిదే మరొకటి 2023లో బయటపడింది. 1963 ఏప్రిల్ 4న బీటిల్స్ స్టో అనే మగపిల్లల బడిలో కచేరీ చేశారు. వాళ్ళ మొదటి ఆల్బం వచ్చి రెండు వారాలైంది. పదిహేనేళ్ళ విద్యార్థి ఒకడు తన టేపు రికార్డరు పెట్టి ఆ కచేరీ మొత్తం పట్టుకున్నాడు. అరవై ఏళ్ళ తరవాత బీబీసీ రేడియోలోనే ఆ టేపు సంగతి లోకానికి తెలిసింది. బ్రిటన్‌లో బీటిల్స్ చేసిన పూర్తి కచేరీల రికార్డింగుల్లో ఇప్పటికి తెలిసినంతలో ఇదే అన్నిటికంటే పాతది. దీని విలువ పాతదనంలోనే లేదు. ఆ ఏడాది గడిచేసరికి బీటిల్స్ కచేరీ అంటే ఆడపిల్లల కేకలే కేకలు. తాము వాయించేది తమకే వినపడేది కాదు. ఈ బడి కచేరీలో ఆ కేకలు లేవు. పాట పాటగా వినిపించింది. సొంత ఊళ్ళో, కావర్న్ క్లబ్బు నేలమాళిగలో పేరు తెచ్చుకున్న ఆ బృందం నిజంగా ఎలా వాయించేదో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి సాక్ష్యం అరుదు.

ఇక అన్నిటికంటే ముందటి డిస్కు. 1958 జులై. అప్పటికి బీటిల్స్ అన్న పేరే లేదు, క్వారీమెన్ అని పిలుచుకునేవారు. లెనన్‌కు 17 ఏళ్ళు, మెకార్ట్‌నీకి 16, హారిసన్‌కు 15. లివర్‌పూల్‌లోని కెన్సింగ్టన్ అనే వీధిలో పర్సీ ఫిలిప్స్ అనే ఆయన తన ఇంట్లోనే చిన్న స్టూడియో నడిపేవాడు. డబ్బులిస్తే ఎవరి గొంతైనా రికార్డు చేసి డిస్కు చేతిలో పెట్టేవాడు. పిల్లలు ఐదుగురూ తలా కొంత వేసుకుని వెళ్ళారు. ఒకవైపు బడీ హాలీ పాట ‘దట్‌విల్ బి ద డే’. రెండోవైపు సొంత పాట ‘ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ద డేంజర్’. తయారైంది ఒకే ఒక్క డిస్కు. అదీ అసిటేట్ డిస్కు. అంటే లోహపు పళ్ళెం మీద మెత్తటి లక్క పూత పూసి, దాని మీద గాడి కోసినది. మామూలు రికార్డులా గట్టిది కాదు. వేసిన ప్రతిసారీ సూది ఆ గాడిని కొంత అరగదీస్తుంది. విన్నకొద్దీ పాట తరిగిపోతుందన్నమాట.

ఐదుగురికీ ఒకటే డిస్కు కాబట్టి ఒక్కొక్కరు ఒక వారం ఉంచుకుందామనుకున్నారు. లెనన్ వారం అయింది, మెకార్ట్‌నీ వారం, హారిసన్ వారం, డ్రమ్స్ వాయించిన కోలిన్ హాంటన్ వారం. చివరికి పియానో వాయించిన జాన్ లో చేతికి వచ్చింది. ఆయన దగ్గర అది ఇరవై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. బృందం నుంచి ఆయన తప్పుకున్నాడు. తక్కినవాళ్ళు ప్రపంచమంతా పేరు పొందారు, విడిపోయారు కూడా. డిస్కు మాత్రం ఆయన ఇంట్లోనే పడుంది. 1981లో ఆయన దాన్ని వేలం వేయాలనుకున్నాడని తెలిసి మెకార్ట్‌నీ తానే కొనుక్కున్నాడు. ధ్వని శుభ్రం చేయించి, యాభై దాకా నకళ్ళు తీయించి స్నేహితులకు, బంధువులకు పంచాడు. 1995లో వచ్చిన ‘ఆంథాలజీ 1’ అనే ఆల్బంలో లోకం మొత్తం ఆ పాటలు వింది. ఇందులో నన్ను పట్టి ఉంచేది ఏమిటంటే, ఆ డిస్కు ఎవరింట్లోనైనా పిల్లలు ఆడుకుని విరగ్గొట్టి ఉండవచ్చు, ఇల్లు మారేటప్పుడు పోయి ఉండవచ్చు. ఇంకో ప్రతి ఎక్కడా లేదు. ఇద్దరు ముగ్గురు మనుషుల జాగ్రత్త మీద ఆధారపడి ఆ గొంతులు మనదాకా వచ్చాయి.

దానికి ఏడాది ముందు, 1957 జులై 6న లివర్‌పూల్‌లోని వుల్టన్ చర్చి ఉత్సవంలో లెనన్, మెకార్ట్‌నీ మొదటిసారి కలుసుకున్నారు. ఆ సాయంత్రం లెనన్ పాడిన పాటలను ఒక కుర్రాడు గ్రండిగ్ టేపు రికార్డరులో పట్టుకున్నాడు. 1994లో ఆ టేపును ఈఎంఐ కంపెనీ 78,500 పౌండ్లకు వేలంలో కొన్నది. ధ్వని బాగా పాడైపోయి ఉండడంతో ‘ఆంథాలజీ’లో దాన్ని వాడలేదు.

కంపెనీల సంగతికి వద్దాం. 1962 జనవరి 1న బీటిల్స్ లండన్‌లో డెక్కా కంపెనీ స్టూడియోకు పరీక్షకు వెళ్ళారు. ముందురోజు మంచులో లివర్‌పూల్ నుంచి వ్యానులో ప్రయాణం. పొద్దున్నే 15 పాటలు పాడారు. అప్పటికి డ్రమ్స్ వాయించేది రింగో కాదు, పీట్ బెస్ట్. డెక్కా వాళ్ళు వద్దన్నారు. కథ అక్కడితో ఆగిపోవలసిందే. కానీ మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ ఆ టేపు పట్టుకుని లండన్ అంతా తిరిగాడు. టేపు ప్రతిచోటా వినిపించడం కష్టం కాబట్టి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని హెచ్‌ఎంవీ దుకాణంలో దాన్నుంచి డిస్కులు కోయించుకున్నాడు. కోసిన ఇంజనీరుకు పాటలు నచ్చాయి. ఆయన పై అంతస్తులో ఉన్న సంగీత ప్రచురణకర్తకు చెప్పాడు, ఆయన ఇంకొకరికి చెప్పాడు, ఆ దారి చివరికి ఈఎంఐ కంపెనీవారి పార్లోఫోన్ లేబుల్‌లో ఉన్న జార్జ్ మార్టిన్ అనే రికార్డు నిర్మాత దగ్గరకు చేరింది. తరవాత జరిగింది అందరికీ తెలిసిందే.

ఎప్‌స్టీన్ కోయించిన ఆ డిస్కుల్లో ఒకటి, ఆయన సొంత చేతిరాత ఉన్నది, లివర్‌పూల్‌కే చెందిన మరో సంగీతకారుడి ఇంటి అటక మీద దశాబ్దాల పాటు ఉండి, 2016లో వేలంలో 77,500 పౌండ్లు పలికింది. డెక్కా పాటలు 1970లలోనే దొంగ రికార్డులుగా బయటికి వచ్చేశాయి. కానీ అవి నకలుకు నకలు, దానికి మళ్ళీ నకలు. ధ్వని అరిగిపోయినవి. 2025లో కెనడాలోని వాంకూవర్ నగరంలో పాత రికార్డుల దుకాణం యజమాని ఒకాయన, తన దగ్గర ఏళ్ళ తరబడి పడున్న ఒక టేపును తీసి వేయించాడు. పెట్టె మీద బీటిల్స్ డెమోలని రాసి ఉంది. ఏదో దొంగ నకలు అయి ఉంటుందనుకున్నాడట. టేపు తిరగడం మొదలుకాగానే గదిలో ఉన్నవాళ్ళు నిర్ఘాంతపోయారు. డెక్కా స్టూడియోలో కూర్చుని వింటున్నంత స్వచ్ఛంగా ఉంది. ఏ ప్రయాణం చేసి ఆ టేపు అట్లాంటిక్ దాటిందో గానీ, అంత మంచి ప్రతి ఒక దుకాణంలో మూలన కూర్చుని ఉంది!

ఈఎంఐ స్టూడియోలు కూడా మొదటి రోజుల్లో బీబీసీ కంటే గొప్పగా ఏమీ చేయలేదు. రికార్డు అచ్చు అయిపోతే, పాట తయారీలో వాడిన టేపులతో పని తీరిపోయినట్టే లెక్క. 1962 నాటి ‘లవ్ మి డు’ అసలు టేపులు లేవు. ఆ పాటను పీట్ బెస్ట్ వాయించగా 1962 జూన్ 6న ఒకసారి రికార్డు చేశారు. అది శాశ్వతంగా పోయిందనే అనుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటాక జార్జ్ మార్టిన్ భార్య ఇంట్లో సర్దుతూ ఉంటే బీరువాలో వెనకగా ఒక డిస్కు కనపడింది. అదే ఆ పాట. ‘ఆంథాలజీ 1’లో చేరింది. బీటిల్స్ సంగీత చరిత్రలో ఒక ముఖ్యమైన పుట ఒక ఇల్లాలి చేతి చలవతో మనకు దక్కింది.

అయితే సంస్థల్లో పనిచేసే మనుషులందరినీ ఒకే గాటన కట్టను. ఈఎంఐ వారి ఆబీ రోడ్ స్టూడియోలో జాన్ బారెట్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1980ల మొదట్లో ఆయనకు క్యాన్సర్ వచ్చింది. చికిత్స పొందుతూ, ఏదైనా పని చెప్పమని అడిగి, అక్కడున్న బీటిల్స్ టేపులన్నీ ఒక్కొక్కటీ వింటూ పట్టిక రాశాడు. ఏ టేపులో ఏ పాట, ఎన్నో టేకు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ. ఆ పట్టిక ఆధారంగా 1983లో స్టూడియో తలుపులు సామాన్యులకు తెరిచి, వినని పాటలు కొన్ని వినిపించారు. మరుసటి ఏడాదే బారెట్ కన్నుమూశాడు. ఆ తరవాత మార్క్ లూయిసన్ అనే చరిత్రకారుడు ఆ టేపులు విని 1988లో రాసిన పుస్తకం ఈ రంగంలో అందరికీ మొదటి మెట్టు. ‘లీవ్ మై కిటెన్ అలోన్’ లాంటి అద్భుతమైన పాట 1964లో రికార్డయి ఏళ్ళ తరబడి చీకట్లో ఉండిపోయిందని చాలామందికి అప్పుడే తెలిసింది. దాన్ని అప్పుడే ఎందుకు విడుదల చేయలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. లెనన్ గొంతు చించుకుని పాడిన పాటల్లో దానిది మొదటి వరస.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. వెతకడం వేరు, దొంగిలించడం వేరు. 1969 జనవరిలో ‘గెట్ బ్యాక్’ సినిమా కోసం బీటిల్స్ నెలరోజుల పాటు సాధన చేస్తూ ఉంటే, సినిమా బృందం నాగ్రా అనే యంత్రాల మీద వాళ్ళ మాటా పాటా అంతా రికార్డు చేసింది. ఒక్కో రీలు పదహారు నిమిషాలు. వందల రీళ్ళు. అవి దొంగల పాలయ్యాయి. 2003లో బ్రిటన్, నెదర్లాండ్స్ పోలీసులు దాడులు చేసి 500 దాకా రీళ్ళు పట్టుకున్నారు. ఈలోగా ఆ ధ్వని ఎన్నెన్ని దొంగ రికార్డులుగా అమ్ముడుపోయిందో లెక్కలేదు. ఆ నెల పాటల్లోంచి కూర్చిన ఒక ఆల్బం నమూనా 1969 సెప్టెంబరులో అమెరికా రేడియో స్టేషన్ల చేతిలో పడి, ప్రసారమై, శ్రోతలు పట్టుకుని, దొంగ రికార్డుగా తిరిగింది. హాంబర్గ్‌లో 1962 డిసెంబరులో స్టార్ క్లబ్బులో పట్టుకున్న టేపులు 1977లో మార్కెట్లోకి వస్తే, ఇరవై ఏళ్ళకు పైగా వ్యవహారం నలిగింది. 1998లో జార్జ్ హారిసన్ స్వయంగా లండన్ కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాక బీటిల్స్ పక్షాన తీర్పు వచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో ఒక కుర్రాడు రేడియో నుంచి పట్టుకుని దాచుకున్న టేపు చరిత్రకు సేవ. ఆ టేపును వేల ప్రతులు తీసి, పాడినవాడికి పైసా ఇవ్వకుండా అమ్ముకోవడం దోపిడీ. వద్దనుకున్న పాటను వద్దని అనే హక్కు కళాకారుడికి ఉంది. 1985లో ఈఎంఐ ‘సెషన్స్’ అనే ఆల్బం తయారుచేసి విడుదల దాకా తెచ్చినప్పుడు బీటిల్స్ అడ్డుపడ్డారు. అభిమానిగా నాకు బాధే. కానీ ఆ హక్కు వాళ్ళది. అదే సమయంలో, వద్దనుకున్నదాన్ని చెరిపేయకుండా ఉంచాలని గట్టిగా నమ్ముతాను. విడుదల చేయాలా వద్దా అన్నది రేపు తేల్చుకోవచ్చు. చెరిపేస్తే తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

చట్టం కూడా ఒక్కోసారి ఊహించని మేలు చేస్తుంది. ఐరోపాలో విడుదల కాని రికార్డింగు మీద హక్కు 50 ఏళ్ళకు తీరిపోతుంది. ఆలోగా విడుదల చేస్తే 70 ఏళ్ళు ఉంటుంది. ఈ కారణంగానే 2013 డిసెంబరులో, గడువు ముగియడానికి కొద్దిరోజుల ముందు, 1963 నాటి 59 రికార్డింగులను పెద్దగా ప్రకటన ఏమీ లేకుండా ఐట్యూన్స్‌లో పెట్టేశారు. ఎక్కువ భాగం బీబీసీవే.

దొరికినదల్లా నిజమని నమ్మితే మోసపోతాం. ‘ద ఎల్‌ఎస్ బంబుల్‌బీ’ అనే పాట ఏళ్ళ తరబడి బీటిల్స్ దొంగ రికార్డుల్లో తిరిగింది. అది నిజానికి పీటర్ కుక్, డడ్లీ మూర్ అనే హాస్యనటులది. ‘హ్యావ్ యు హర్డ్ ద వర్డ్’ అనే మరో పాట లెనన్‌దేనని చాలామంది ఘంటాపథంగా చెప్పారు. అది ద ఫుట్ అనే వేరే బృందానిది. అందుకే దీన్ని నిజంగా పట్టించుకునేవాళ్ళు చెవిని ఒక్కదాన్నే నమ్ముకోరు. పాట మొదట్లో ఇంజనీరు చెప్పే టేకు నంబరు స్టూడియో కాగితాలతో సరిపోతుందా చూస్తారు. శ్రుతి ఉండవలసిన చోట ఉందా, లేక టేపు వేగం మారి పైకో కిందికో పోయిందా చూస్తారు. నకలు తీసిన ప్రతిసారీ సన్నటి బుస పెరుగుతుంది కాబట్టి, బుసను బట్టి ఇది ఎన్నో తరం నకలో అంచనా వేస్తారు. వెనకాల సన్నగా వినిపించే కరెంటు రొద కూడా సాక్ష్యం చెబుతుంది. ఇంగ్లండులో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60 సార్లు. టేపులోని రొద ఏ రకమో తెలిస్తే, అది ఏ దేశంలో రికార్డయిందో తెలుసుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఇంత ఓపిక గలవాళ్ళ వల్లే మనం ఈనాడు ఏది అసలో ఏది నకిలీయో తెలుసుకుని వినగలుగుతున్నాం.

మన దేశానికి కూడా ఈ కథలో చోటుంది. 1968 జనవరిలో జార్జ్ హారిసన్ బొంబాయి వచ్చి హెచ్‌ఎంవీ స్టూడియోలో ‘వండర్‌వాల్’ సినిమా సంగీతం రికార్డు చేశాడు. సంతూర్ శివకుమార్ శర్మ, వేణువు హరిప్రసాద్ చౌరాసియా వంటి యువ విద్వాంసులు అందులో వాయించారు. రెండు ట్రాకుల స్టీరియో యంత్రాన్ని కలకత్తా నుంచి తెప్పించవలసి వచ్చింది. ఆ పనిని గ్రామఫోన్ కంపెనీలో ఉన్న భాస్కర్ మీనన్ చూసుకున్నాడు. ఆ రోజుల్లోనే, మన వాద్యాలతోనే, ‘ద ఇన్నర్ లైట్’ పాటకు వాద్యసంగీతం రికార్డయింది. ఒక బీటిల్స్ సింగిల్ మీదికి ఎక్కిన మొట్టమొదటి హారిసన్ పాట అదే. ఆ బొంబాయి రోజుల మరో టేకు, స్టూడియో మాటలతో సహా, 2014లో వెలుగు చూసింది. అందులో మన విద్వాంసులకు హారిసన్ తన సంగీతాన్ని వివరిస్తూ ఉంటే వినడం గొప్ప అనుభవం.

ఆ తరవాతి నెలల్లో నలుగురూ రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ఉన్నారు. అక్కడ రాసుకున్న పాటలను మే నెలాఖరులో ఎషర్ అనే ఊళ్ళో, హారిసన్ ఇంట్లో గిటార్లు పెట్టుకుని పాడి నాలుగు ట్రాకుల యంత్రంలో పట్టుకున్నారు. మొత్తం 27 పాటలు. అందులో కొన్నిటిని 1988లో మొదలైన ‘ద లాస్ట్ లెనన్ టేప్స్’ అనే అమెరికా రేడియో ధారావాహిక వినిపించింది. పూర్తిగా విడుదలయింది 2018లో, అంటే యాభై ఏళ్ళకు. గంగ ఒడ్డున పుట్టిన పాటలు హంగులు తగలకముందు ఎలా ఉండేవో వినాలంటే వాటినే వినాలి.

ఇంకా బయటికి రానివి ఉన్నాయి. 1967 జనవరి 5న రికార్డు చేసిన ‘కార్నివాల్ ఆఫ్ లైట్’ దాదాపు 14 నిమిషాల ప్రయోగం. లండన్‌లో ఒక సాంస్కృతిక వేడుకలో వినిపించడం కోసం మెకార్ట్‌నీ పూనికతో చేసింది. దొంగ రికార్డుగా కూడా ఎక్కడా రాలేదు. ‘హెల్టర్ స్కెల్టర్’ పాటను 1968 జులైలో 27 నిమిషాల పాటు వాయించిన టేకు పూర్తిగా ఇంతవరకూ వెలుగు చూడలేదు. ఈ రెండూ నా జీవితకాలంలో వినాలని నా ఆశ.

2023 నవంబరులో వచ్చిన ‘నౌ అండ్ దెన్’ పాట ఆ ఆశకు బలం ఇచ్చింది. 1970ల చివర్లో న్యూయార్క్‌లో లెనన్ తన ఇంట్లో పియానో ముందు కూర్చుని మామూలు క్యాసెట్‌లో పాడుకున్నది. లెనన్ హత్యకు గురైన చాలా ఏళ్ళకు, 1994లో, ఆయన భార్య యోకో ఓనో ఆ క్యాసెట్లను మెకార్ట్‌నీకి ఇచ్చింది. రెండు పాటలు పూర్తిచేశారు. ఇది మాత్రం పియానో మోతలో గొంతు మునిగిపోయి, కరెంటు రొదతో లొంగలేదు. వదిలేశారు. 2001లో హారిసన్ కూడా పోయాడు. ఆ తరవాత కంప్యూటరుకు గొంతునూ వాద్యాన్నీ విడదీయడం నేర్పారు. క్యాసెట్‌లోంచి లెనన్ గొంతు ఒక్కటే స్వచ్ఛంగా బయటికి వచ్చింది. 1995లో హారిసన్ వాయించి ఉంచిన గిటారుతో కలిపి పాట పూర్తయింది. 1995లో, ఇది పనికిరాదు అనుకున్నవాళ్ళు ఆ క్యాసెట్‌ను పారేయలేదు. అంతే జరిగింది. ఆ రోజు లేని విద్య తరవాత వచ్చింది. అది వచ్చేదాకా క్యాసెట్ ఆగింది.

శ్రోతలారా, మన ఇళ్ళలో కూడా ఇలాంటి టేపులు ఉన్నాయి. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి రంగస్థల నటులు తెల్లవార్లూ పద్యాలు పాడిన రాత్రుళ్ళలో, జాతరల్లో బుర్రకథలు జరిగిన పందిళ్ళలో, మైకు దగ్గర టేపు రికార్డరు పెట్టినవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. రేడియోలో వచ్చిన నాటకాన్నీ లలితగీతాన్నీ క్యాసెట్‌లో పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అమ్మమ్మ పాడిన మంగళహారతి, తాతయ్య చెప్పిన కథ కూడా అందులోనే ఉండవచ్చు. అవి మీ ఇంట్లో ఉన్న ఒక్క ప్రతి తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

కాబట్టి మీకు నా విన్నపం. అటక దించి చూడండి. దొరికిన క్యాసెట్‌ను వెంటనే పాత ప్లేయరులో వేసేయకండి, టేపు చుట్టుకుని తెగిపోవచ్చు. క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, వాటిని విరిచేస్తే పొరపాటున కూడా దాని మీద మళ్ళీ రికార్డు కాదు. ఎండకు, తేమకు, స్పీకర్ల అయస్కాంతాలకు దూరంగా, నిలువుగా పెట్టండి. తెలిసినవాళ్ళ చేత కంప్యూటరులోకి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు కుదించకుండా పూర్తి నాణ్యతతో ఎక్కించమనండి. ఎక్కించాక కూడా అసలు టేపును పారేయకండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గొంతు ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే వాళ్ళను అడిగి పెట్టె మీద రాసి పెట్టండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.